అమెరికాల బడికి పోయే ముందు పెద్దమ్మ చెప్పే మాటలు

బిడ్డా, నీ వాయిస్ మెసేజ్ విన్న. అక్కడ ఎమ్మెస్ చదువుకుంటనే యూనివర్సిటీ దగ్గర్ల ఉన్న పేద పిల్లల బడికి పోయి వారం వారం చదువు చెప్తనంటున్నవ్, మస్తు సంతోషం. నేను ఇన్నేండ్లు ఇక్కడ సర్కారు బడిల లెక్కలు చెప్పిన కదా, వాలంటీర్లు వచ్చుడు పోవుడు చాన చూసిన, అందుకే జెర ఓపికతోని చదువు.

ముందు కాగితాల సంగతి అయిపోగొడ్త. నువ్వు ఎఫ్-1 వీసా, అంటే చదువుకునేటోళ్ల వీసా మీదున్నవ్, పైసలు తీస్కోకపోతే చాలు ఏదైనా చెయ్యొచ్చు అనుకోకు, మామూలుగ జీతమిచ్చి చేయించుకునే పనిని ఫ్రీగా చేసినా తకరారే. మీ యూనివర్సిటీల ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసోళ్లని మెయిల్ పెట్టి అడుగు, జవాబు మెయిల్‌లనే తెప్పించుకో. బడోళ్లు నీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తరు, చాన చోట్ల వేలిముద్రలు గూడ తీస్కుంటరు, అది టైం పడ్తది, ఇప్పుడే మొదలుపెట్టు.

ఇంకోటి, బిల్డింగ్ చూసి ఇదేం పేద బడి అనుకోకు. మన బస్తీ బడి అంటే బాత్రూంల నీళ్లు లేవు, ఒక్క రూంల రెండు క్లాసులు, లేమి కండ్లకు కొట్టొచ్చినట్టు కనపడ్తది. అక్కడ పిల్లల చేతుల క్రోమ్‌బుక్ అనే చిన్న ల్యాప్‌టాప్ ఉండొచ్చు, హీటర్ ఉంటది, కాని నర్స్ రోజూ రాకపోవచ్చు, లైబ్రరీ ఉన్నా చూసుకునేటోళ్లు లేకపోవచ్చు. పెన్సిళ్లు, టిష్యూలు టీచరమ్మ తన సొంత పైసలతోనే కొంటది. అది ఎంత మామూలంటే ఆ దేశంల టీచర్లు అట్ల కొన్నదానికి ఇన్‌కమ్ టాక్స్‌ల కొంత మినహాయింపే పెట్టిన్రు! పేద పిల్లలు ఎక్కువున్న బళ్లకి 1965ల వచ్చిన చట్టం కింద కేంద్రం నిధులిస్తది, టైటిల్ వన్ అంటరు, నువ్వు పోయే బడి ఆ లిస్టుల ఉందో లేదో అడిగి తెల్సుకో.

ఇగ అసలు ముచ్చట. మాదాపూర్ దిక్కు నుంచి ఒక కంపెనీవాళ్లు మా బడికొచ్చేటోళ్లు, అందరికీ ఒకటే రంగు టీషర్టులు, గోడకి బొమ్మలేసి నోట్‌బుక్కులు పంచి ఫోటోలు దిగి భోజనం బెల్లు కొట్టేసరికి బస్సెక్కేటోళ్లు. మాకు పీరియడ్లు పోయేటివి, పిల్లలేమో ఇగ వారమంతా ఆ సార్లు మళ్లెప్పుడొస్తరు మేడం అని నా పానం తీసేటోళ్లు. ఇంకొక పిలగాడుండె, డిగ్రీ చదివేటోడు, కోఠి నుంచి సిటీ బస్సుల వచ్చేటోడు, ప్రతి బేస్తవారం మధ్యాహ్నం. ఏం తెచ్చేటోడు కాదు. తీసివేతల వెనకబడ్డ నలుగుర్ని వరండాల కూసోబెట్టుకునేటోడు, అంతే.

ఒకసారి ఒక పోరడు 52ల నుంచి 27 తీసేస్తే 35 అని రాసిండు. ఇంటూ కొట్టలేదు ఆ పిలగాడు, ఎట్ల చేసినవ్ రా అని అడిగిండు. ఏడుల రెండు పోతే అయిదు, అయిదుల రెండు పోతే మూడు సార్ అన్నడు. అంటే పెద్ద అంకెల నుంచి చిన్నంకె తీసేసుడే వాడికి తెల్సు, ఏది కింద ఉందో ఏది పైనుందో సంబంధం లేదు. అప్పుడు చీపురు పుల్లలు పదేసి కట్టి రబ్బర్ బ్యాండ్లు వేసి అయిదు కట్టలు, విడిగ రెండు పుల్లలు ముందట పెట్టి 27 తియ్ అన్నడు. రెండు కట్టలు తీసిండు పోరడు, ఇంక ఏడు పుల్లలు కావాలె, విడిగ రెండే ఉన్నయ్. దాన్నే చూస్కుంట చాన సేపు కూసున్నడు, తర్వాత ఒక కట్టకున్న రబ్బర్ బ్యాండ్ వాడే ఇప్పిండు. నేను కిటికీల నుంచి చూస్తనే ఉన్న.

నువ్వు గూడ అట్ల చెయ్యి. అయితే మనం అప్పు తెచ్చుకునుడు అనేదాన్ని అక్కడ రీగ్రూపింగ్ అంటరు, అంకెలేసిన గీత మీద, బొమ్మలేసి చెప్తరు, నీకు చిన్నప్పటి నుంచి వచ్చిన పద్ధతి మొదటి రోజే రుద్దకు, పిల్ల ఆగమైతది. ఈ వారం క్లాసుల ఎట్ల చెప్పిన్రు మేడం అని టీచర్‌నే అడుగు. ఇంట్ల స్పానిష్ మాట్లాడే పిల్లలుంటే లెక్క వచ్చినా ప్రశ్న అర్థంగాక తప్పు రాస్తరు. 2022ల మన సర్కారు బళ్లల్ల ఇంగ్లీష్ మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలిచ్చిన్రు గుర్తుందా, అందుకే ఇచ్చిన్రు. ప్రశ్నని చిన్న చిన్న ముక్కలు చేసి చదివించు.

ఫోటోలు వద్దు, స్టేటస్‌ల పెట్టుడు అసలే వద్దు. పల్లీ చిక్కీలు, లడ్డూలు పట్కపోకు, అక్కడ పిల్లలకి పల్లీ అలర్జీలుంటయ్, కొన్ని క్లాసుల్ల పల్లీలే రానియ్యరు. పిల్లతోని తలుపేసుకొని ఒక్కదానివే కూసోకు. ఇంట్ల కొడ్తున్నరు, తిండి లేదు, ఎవ్వలికీ చెప్పకు అక్కా అని ఏ పిల్లయినా అంటే చెప్పనని మాటియ్యకు, నీకు సాయం చేసేటోళ్లకి చెప్పాల్సి వస్తది అని ముందే చెప్పి ఆ రోజే టీచర్‌కి చెప్పు, అసొంటివి అధికారులకి చెప్పాలని అక్కడ టీచర్ల మీద చట్టమే ఉంది.

వారానికి ఒక్క రోజు, ఒక గంట అన్నా చాలు, కాని అదే రోజు, అదే టైం. మూడు రోజులొస్తనని ఒప్పుకొని మిడ్‌టర్మ్‌లు రాంగనే మాయమైతే ఒప్పుకోకపోవుడే నయం. నీ ఫైనల్స్ డిసెంబర్‌ల, మేల ఉంటయ్ కదా, ఆ వారాలు రానని ఇప్పుడే క్యాలెండర్ల గుర్తుపెట్టి టీచర్‌కియ్యి. సెమిస్టర్ అయినంక మానేసేదుంటే నెల ముందే పిల్లలకి చెప్పు, ఆఖరి రోజు బై చెప్పి పోకు.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదన్నవ్ కదా, చదువు పాడైతదని లొల్లి చేస్తది, నేను మాట్లాడ్త తియ్. ఆ ఆఫీసోళ్ల మెయిల్ వచ్చినంక నాకొక స్క్రీన్‌షాట్ పంపు.