రిలే ట్రాన్స్‌మిటర్ గురించి రాస్తున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ప్రసారాల గురించి రాసేవాళ్లు చాలామంది స్టూడియో దాటి బయటికి రారు. కొండ మీద మనిషన్నవాడు లేకుండా రాత్రీ పగలూ పనిచేసే ఆ చిన్న గది మీద రాయాలని నీకు తోచినందుకు ఎంతో సంతోషించాను.

అయితే మొదటి పేరాలోనే "సిగ్నల్ అందని చోట బలం పెంచి పంపేదే రిలే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది చదవగానే ఎవరికైనా ఒక సందేహం వస్తుంది. అలాగైతే ప్రధాన కేంద్రంలోనే పవర్ పెంచేస్తే సరిపోతుంది కదా? ఆ సందేహం తీర్చడమే నీ వ్యాసం పని. మిగతాదంతా దాని వెంట వస్తుంది.

ఎఫ్‌ఎం రేడియో ఉండేది 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య. టీవీకి ఎక్కువగా వాడేది అంతకన్నా పైనున్న ఫ్రీక్వెన్సీల పట్టీ, యూహెచ్‌ఎఫ్. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని దూరం పోతుంది కానీ, ఇవి దాదాపు తిన్నగానే వెళ్తాయి. నేల చదునుగా ఉంటే 100 మీటర్ల టవర్ నుంచి సుమారు 41 కిలోమీటర్ల దాకా అందుతాయి. అడ్డంగా పెద్ద కొండ ఉందా, దాని వెనక లోయలో సిగ్నల్ 20, 30 డెసిబెల్స్, అంటే వందో వంతుకో వెయ్యో వంతుకో పడిపోవచ్చు. దాన్ని పవర్‌తోనే పూడ్చాలంటే వంద రెట్లు, వెయ్యి రెట్లు పెంచాలి. పెంచినా, దూరాన అదే చానల్ వాడుతున్న ఇంకో కేంద్రాన్ని చెడగొడుతుంది. ప్రధాన కేంద్రమూ లోయా రెండూ కనబడే గుట్ట మీద కొద్ది వాట్ల ట్రాన్స్‌మిటర్ పెడితే చాలు, పని జరిగిపోతుంది. ఈ లెక్క చూపించు. పాఠకుడు నిన్ను నమ్ముతాడు.

ఇక నువ్వు తడమకుండా వదిలేసిన అసలు విషయం ఫ్రీక్వెన్సీ మార్పు. నా దృష్టిలో మొత్తం కథలో రుచి అక్కడే ఉంది. టవర్ దగ్గర నిలబడి చూసినట్టు రాయి. పైన ఒక యాంటెనా ప్రధాన కేంద్రం వైపు తిరిగి ఉంటుంది. దానికి అందేది వాట్‌లో వంద కోట్లో వంతు కావచ్చు. అదే టవర్ మీద, లోయ వైపు తిరిగిన ఇంకో యాంటెనా 10 వాట్లు వెదజల్లుతుంటుంది. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే, పంపినదే మళ్లీ లోపలికి వచ్చి, పెరిగి, మళ్లీ బయటికి పోయి, స్పీకర్ ముందు మైక్ పెడితే వచ్చే కూతలాంటిదే పుడుతుంది. అందుకే వచ్చిన సిగ్నల్‌ని వేరే చానల్‌కి మార్చి పంపుతారు. లోయలో వాళ్లు అదే కార్యక్రమాన్ని వేరే నంబర్ మీద పట్టుకునేది ఇందుకే.

అయితే డిజిటల్‌లో ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలు ట్రాన్స్‌మిటర్లు నడిపే పద్ధతి కూడా ఉంది. గడియారాలన్నీ జీపీఎస్‌తో కలిసి నడవాలి, ఆలస్యంగా వచ్చే సిగ్నల్ గార్డ్ ఇంటర్వెల్ (ఆ ఆలస్యం కోసమే వదిలిపెట్టే చిన్న వ్యవధి) లోపల అందాలి. దీనికి ఒక పేరా చాలు, లోతుకు దిగకు. దిగితే వ్యాసం ఇంజనీర్లకే మిగులుతుంది.

రిలేని మరీ పొగిడావు కూడా. "మసకబారిన సిగ్నల్‌ని శుభ్రం చేస్తుంది" అన్నావు. చానల్ మార్చి పంపే మామూలు రకం ఆ పని చేయలేదు, సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచి పంపుతుంది. ఒక రిలే నుంచి ఇంకో రిలే, దాన్నుంచి మరొకటి తీసుకుంటే రొద పేరుకుంటూ పోతుంది. డిజిటల్ సిగ్నల్‌ని పూర్తిగా విప్పి, తప్పులు దిద్ది, మళ్లీ కట్టి పంపే రకం మాత్రమే నిజంగా శుభ్రం చేస్తుంది, అదీ వచ్చిన సిగ్నల్ మరీ పాడైపోకుండా ఉంటేనే. ఈ తేడా తప్పకుండా రాయి. గొప్పగా చెప్పాలన్న తొందరలో వాస్తవం జారిపోతే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొకటి. ప్రధాన కేంద్రం మూగబోతే, దాని నుంచే గాలిలో సిగ్నల్ అందుకునే రిలేలన్నీ మూగబోతాయి. కరెంటు పోతే గుట్ట మీద బ్యాటరీలు ఎంతసేపు ఆగుతాయన్న దాన్ని బట్టే, తుపాను రాత్రి లోయలో వాళ్లకు హెచ్చరిక అందడమా అందకపోవడమా తేలుతుంది. నువ్వు దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో నెట్టేశావు. రిలే నిర్వహణ చూసే టెక్నీషియన్ ఎవరినైనా కలిసి, బ్యాటరీలు ఎలా చూసుకుంటారో, దారి తెగితే పైకి ఎలా వెళ్తారో అడుగు. ఆ భాగం విడిగా రాసి ముందు నాకు పంపు.

మీ అన్నయ్య