షాట్ హోల్ లోతు దగ్గర రాజీ పడకు

చిరంజీవి శ్రీనుకి, బాబాయ్ ఆశీస్సులు.

సైస్మిక్ సర్వే (నేలలో మందుగుండు పేల్చి, లోపలి పొరల నుంచి తిరిగొచ్చే తరంగాలను రికార్డు చేసే సర్వే) క్రూలో చేరావనీ, మొదటి లైను అమలాపురం వైపు పడిందనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కోనసీమ నేలలో ఒక్కటి గట్టిగా పట్టుకో: షాట్ హోల్‌లో, అంటే మందుగుండు దించే బోరులో, చార్జ్ ఎంత పైన పేలితే గ్రౌండ్ రోల్, అంటే నేల పైపొరలో పాకే అల, అంత బలంగా లేస్తుంది.

భూమి లోపల పేలుడు అన్ని వైపులకూ నెడుతుంది. అక్కడ పుట్టేది ప్రధానంగా పీ తరంగం, అంటే మట్టిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ సాగేది. అది పైకొచ్చి, పైన అదిమిపట్టేదేమీ లేని నేల మట్టాన్ని తాకినప్పుడు రేలీ తరంగం తయారవుతుంది. గ్రౌండ్ రోల్ అంటే ముఖ్యంగా అదే. అలాంటిది ఉంటుందని బ్రిటిష్ శాస్త్రవేత్త రేలీ 1885లోనే లెక్కగట్టాడు. లోతుకి పోయేకొద్దీ దాని కదలిక త్వరగా తగ్గిపోతుంది. కాబట్టి లోతున పేల్చిన చార్జ్ దాన్ని అంతగా లేపలేదు. అదే నేల మీద పేలిస్తే శక్తిలో చాలా భాగం గాలిపాలు. మిగిలింది నేలను కిందికి గుద్ది ఎక్కువగా రేలీ తరంగాన్నే లేపుతుంది.

పీ తరంగం నలుదిక్కులకీ, లోతుకీ పంచుకుపోతుంది. రేలీ తరంగం మాత్రం పైపైనే పాకుతుంది కాబట్టి దూరం వెళ్లినా ఓ పట్టాన చావదు. రికార్డులో షాట్ దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుని, నీకు కావలసిన రిఫ్లెక్షన్లను, అంటే లోపలి పొరల నుంచి తిరిగొచ్చే తరంగాలను, కప్పేసేది అదే. పైపొరలోనే పాకే మరో రకం, లవ్ తరంగాల గురించి టెన్షన్ వద్దు. అవి నేలను అడ్డంగా ఊపుతాయి, నేల నిలువు కదలికను మాత్రమే పట్టే మన జియోఫోన్లకు దాదాపు అందవు.

డ్రిల్లింగ్ వాళ్లు "ఇసుక కూలిపోతోంది, ఇక్కడితో ఆపేద్దాం సార్" అంటారు. ఒప్పుకోకు. బోరు గోడ కూలకుండా పట్టే బెంటొనైట్ మట్టి కలిపించు, కాకపోతే కేసింగ్ పైపు దింపించు. వదులు ఇసుక శక్తిని మింగేస్తుంది. చార్జ్ దాని కింద, నీరు పట్టిన బంకమట్టిలో కూర్చోవాలి. లోడ్ చేసేముందు లోతు నీ చేత్తో కొలువు. పైన మట్టి బాగా కూరించు, లేకపోతే బురదా, శబ్దమూ రెండూ పైకి తన్నుకొస్తాయి.

లైను మొదలుపెట్టేముందు గ్రౌండ్ రోల్ తీరు కొలిచే నాయిస్ టెస్ట్ చెయ్యి. గ్రౌండ్ రోల్ వేగం సెకనుకు 200 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 8 హెర్ట్జ్ అని తేలితే తరంగం పొడవు 25 మీటర్లు. ఒక గ్రూపులోని జియోఫోన్లను లైను వెంబడి ఆ పొడవునా పరిస్తే గ్రౌండ్ రోల్ చాలావరకు తనను తానే రద్దు చేసుకుంటుంది. జియోఫోన్లను చేను గట్టు మీద వదులు మట్టిలో గుచ్చనివ్వకు. స్పైకు నిటారుగా, పూర్తిగా దిగాలి.

పెంకుటిల్లో, చేపల చెరువు గట్టో దగ్గర్లో ఉంటే చార్జ్ బరువు తగ్గించు, లోతు మాత్రం తగ్గించకు. అప్పటికీ అనుమానంగా ఉంటే షాట్ పాయింటే, అంటే పేల్చే చోటే, జరిపించు. ముందురోజే వెళ్లి ఆ ఇంటివాళ్లతో మాట్లాడు.

ఇట్లు,
మీ బాబాయ్