మైఎస్‌క్యూఎల్ మాటిమాటికీ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: సార్, ఇంట్లో పచ్చళ్లు పెట్టి వర్డ్‌ప్రెస్ సైట్‌లో అమ్ముతున్నాం. 1 జీబీ ర్యామ్ ఉన్న ఉబుంటు లైనక్స్ సర్వర్, పేజీలు అందించడానికి అపాచీ, డేటాబేస్‌కి మైఎస్‌క్యూఎల్. వారం నుంచి ‘ఎర్రర్ ఎస్టాబ్లిషింగ్ ఎ డేటాబేస్ కనెక్షన్’ అని వస్తోంది. మైఎస్‌క్యూఎల్ రీస్టార్ట్ చేస్తే పని చేస్తుంది, కొన్ని గంటల్లో మళ్లీ అదే కథ. ఫ్రెండ్ చెప్తే బఫర్ పూల్ (మైఎస్‌క్యూఎల్ డేటా కోసం ర్యామ్‌లో ఉంచుకునే చోటు) 512 ఎంబీ చేశాను, ఇంకా ఎక్కువసార్లు పడుతోంది. ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ 6 పెట్టమని ఒక వీడియోలో చూశా, పెట్టొచ్చా? - తణుకు నుంచి ఓ పాఠకుడు

జవాబు: పెట్టొద్దు. అది డేటా పాడై మైఎస్‌క్యూఎల్ అసలు లేవనప్పుడు, ఎలాగోలా డంప్ (డేటా మొత్తం నకలు) తీసుకోవడానికి వాడేది, అప్పుడు కూడా 1 నుంచి మొదలుపెట్టి ఒక్కో అంకె పెంచుకుంటూ వెళ్లాలి. 4 నుంచి పైకి వెళ్తే ఉన్న డేటాయే శాశ్వతంగా చెడిపోవచ్చు. మీది రీస్టార్ట్ చేయగానే లేస్తోంది కదా, ఇక ఆ మందెందుకు?

ముందు ఎలా పడిపోతోందో చూడండి. టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్‌కి హైఫన్ కె తగిలించి (journalctl -k) కొడితే కెర్నల్ లాగ్, అంటే లైనక్స్ గుండెకాయ రాసుకునే చిట్టా వస్తుంది. అందులో ‘ఔట్ ఆఫ్ మెమరీ’, ‘కిల్డ్ ప్రాసెస్’, పక్కనే మైఎస్‌క్యూఎల్‌డీ (మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్ పేరు) అని ఉంటే అది తనంతట తాను పడిపోలేదు, ర్యామ్ అయిపోయి లైనక్సే చంపేసింది. మీరు చెప్పిన లక్షణాలకి నా అనుమానం నూటికి తొంభై పాళ్లు ఇదే. మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ లాగ్‌లో కూడా చివర ఏ ఫిర్యాదూ లేకుండా టక్కున ఆగిపోయి, తర్వాతి లైన్ మళ్లీ స్టార్ట్ అయినప్పటిదై ఉంటుంది. అలా కాకుండా ‘సిగ్నల్ 11’ అని, కింద చాంతాడంత స్టాక్ ట్రేస్ (ప్రోగ్రామ్ ఎక్కడ కూలిందో చూపే జాబితా) ఉంటే అది వేరే జబ్బు, ఆ లాగ్ నాకు పంపండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చచ్చింది మైఎస్‌క్యూఎల్ కాబట్టి తప్పు దానిదే అనుకుంటారు. ర్యామ్ నిండినప్పుడు లైనక్స్ మామూలుగా ఎక్కువ మెమరీ పట్టుకుని కూర్చున్న ప్రాసెస్‌ని ఎంచుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ ఒకే పెద్ద ప్రాసెస్, అపాచీ ఏమో చిన్న చిన్నవి పదుల కొద్దీ. తినేది అపాచీ, వేటు పడేది మైఎస్‌క్యూఎల్ మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు! ఉబుంటులో అపాచీ ప్రీఫోర్క్‌కి (ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్కో ప్రాసెస్ వాడే పద్ధతి) మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్, అంటే ఒకేసారి నడవగల ప్రాసెస్‌ల పరిమితి, డిఫాల్ట్‌గా 150. ప్లగిన్లతో ఒక్కోటి 60 ఎంబీ తిన్నా, అన్నీ ఒకేసారి లేస్తే 9 జీబీ. మీ దగ్గరున్నది ఒకటి. అందుకే మీ ఫ్రెండ్ సలహా బెడిసికొట్టింది, బఫర్ పూల్ పెంచి మీరు దాన్ని ఇంకా లావు చేశారంతే.

కాబట్టి బఫర్ పూల్‌ని మళ్లీ డిఫాల్ట్ 128 ఎంబీకి తెచ్చేయండి. మైఎస్‌క్యూఎల్‌కి ఓ 400, సిస్టమ్‌కి ఇంకో వంద పైచిలుకు పోతే మిగిలేది 500 లోపే, అంటే ఆ మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్ 8 చాలు. ఎక్కువమంది వస్తే కొందరు నాలుగు సెకన్లు ఆగుతారు, సైట్ మొత్తం పడిపోవడం కంటే అది నయం కదా. 2 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) కూడా పెట్టుకోండి, ర్యామ్‌తో పోలిస్తే నెమ్మదే కానీ ప్రాణం నిలబడుతుంది.

అపాచీ యాక్సెస్ లాగ్ కూడా ఓసారి తిరగేయండి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆర్‌పీసీ ఫైల్‌కో (బయటి యాప్‌లు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే దారి), లాగిన్ పేజీకో నిమిషానికి వందల హిట్లు కనిపిస్తే అవి పచ్చళ్లు కొనడానికి వచ్చినవాళ్లవి కావు, పాస్‌వర్డ్ కోసం తలుపులు కొట్టే బాట్లవి. జెట్‌ప్యాక్, మొబైల్ యాప్ లాంటివి వాడకపోతే ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఆర్‌పీసీని బ్లాక్ చేసేయండి.

ఆవకాయ సీజన్‌లో మాత్రం ఈ సర్దుబాట్లు సరిపోకపోవచ్చు, ఆ రెండు నెలలైనా 2 జీబీ ప్లాన్‌కి మారండి. ఇంకోటి, పైవేవీ ముట్టుకోకముందే డేటాబేస్ డంప్ తీసి మీ ల్యాప్‌టాప్‌లోకి దింపుకోండి, ఆ సర్వర్‌లోనే వదిలేయొద్దు.