లైబ్రరీ ఇన్‌స్టాల్ కాలేదని కెరీర్ మార్చుకోవాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రోగ్రాం రాయడానికి పట్టే సమయం కంటే, అది నడవడానికి కావలసినవన్నీ సిద్ధం చేసుకోవడానికే ఎక్కువ సమయం పోతోంది. మొన్న ప్రాజెక్టు కోసం ఒక పైథాన్ లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, ఇన్‌స్టాల్ చేశాను. సక్సెస్ అని మెసేజ్ వచ్చింది. తీరా ప్రోగ్రాం రన్ చేస్తే ఆ మాడ్యూలే లేదంటోంది. రెండు రోజులు దాంతోనే సరిపోయింది. ఇది చాలదన్నట్టు సీనియర్లలో ఒకరు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంకు మారమంటారు, ఒకరు ఎడిటర్ మార్చమంటారు, ఇంకొకరు పైథాన్ వదిలేసి వేరే భాష నేర్చుకోమంటారు. కోడ్ అంతా ఏఐ రాసేస్తుంది, ఇవన్నీ నేర్చుకోవడం దండగ అనేవాళ్లూ ఉన్నారు. టెన్షన్‌తో చదువు మీద ధ్యాస నిలవడం లేదు. ఈ రంగం నాకు సరిపడదేమో, మేనేజ్‌మెంట్ వైపు వెళ్లిపోదామా అనిపిస్తోంది. అమ్మానాన్నలకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. సలహా ఇవ్వగలరు.

జవాబు: ముందు మీ రెండు రోజులు తినేసిన ఆ ఎర్రర్ సంగతి చూద్దాం. మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

చాలామంది కంప్యూటర్లలో పైథాన్ ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టంతో వచ్చింది ఒకటి, మీరు డౌన్‌లోడ్ చేసుకున్నది ఇంకొకటి, వేరే ఏదో సాఫ్ట్‌వేర్ తనతో తెచ్చి పెట్టుకున్నది మరొకటి. లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయడానికి మీరు వాడిన పిప్ అనే టూల్ వాటిలో ఒకదానికి చెందింది. ఎడిటర్‌లో రన్ బటన్ నొక్కితే నడిచింది వేరొకటి. లైబ్రరీ ఒక ఇంట్లో దిగింది, మీ ప్రోగ్రాం పక్కింట్లో వెతికింది. కాబట్టి సక్సెస్ అన్న మెసేజ్ నిజమే, మాడ్యూల్ లేదన్న మెసేజ్ కూడా నిజమే.

ఇదే కారణమో కాదో తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ప్రోగ్రాం మొదట్లో సిస్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, అందులోని ఎగ్జిక్యూటబుల్ అనే విలువను ప్రింట్ చేయండి. మీ కోడ్‌ను నడుపుతున్న పైథాన్ ఏ ఫోల్డర్‌లో ఉందో తెలుస్తుంది. తర్వాత టెర్మినల్‌లో పిప్ వెర్షన్ అడగండి. వెర్షన్‌తో పాటు అది ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ పైథాన్‌కు చెందిందో కూడా చూపిస్తుంది. రెండూ వేర్వేరు పైథాన్‌లవని తేలితే దొంగ దొరికినట్టే. ఇకమీదట ప్రతి ప్రాజెక్టుకూ విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలకే కేటాయించిన పైథాన్ ఫోల్డర్) పెట్టుకోండి, ఎడిటర్‌లో ఇంటర్‌ప్రెటర్‌గా, అంటే కోడ్‌ను నడిపే పైథాన్‌గా, దాన్నే ఎంచుకోండి. పిప్‌ను నేరుగా కాకుండా ఆ పైథాన్ ద్వారానే నడపండి. ఈ రకం ఇబ్బంది మళ్లీ దాదాపుగా రాదు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో మీ తెలివికి వచ్చిన లోటు ఏమిటి? ఒకే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండవచ్చని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే. తరగతి గదిలో అల్గారిథమ్స్ చెబుతారు, డేటా స్ట్రక్చర్స్ చెబుతారు. పాత్ అంటే ఏమిటో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ఏమిటో చాలా చోట్ల ఎవరూ చెప్పరు. అవన్నీ ఎలాగోలా మీకే వచ్చేస్తాయని అనుకుంటారు. ఇది పాఠ్యప్రణాళికలో ఉన్న పెద్ద లోపమని నా గట్టి అభిప్రాయం. ఆ లోపానికి విద్యార్థులు తమను తాము నిందించుకోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ బాధ కొత్తదీ కాదు. కేంబ్రిడ్జ్‌లో ఎడ్సాక్ అనే కంప్యూటర్‌ను నిర్మించిన మారిస్ విల్క్స్ 1949 నాటి అనుభవాన్ని తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. యంత్రం ఉన్న గదికీ, పేపర్ టేపు మీద ప్రోగ్రాం పంచ్ చేసే చోటికీ మధ్య మెట్ల మీద తిరుగుతుండగా, తన మిగతా జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కోవడానికే పోబోతోందని ఆయనకు ఒక్కసారిగా అర్థమైందట. యంత్రాన్ని కట్టిన మనిషికే అలా అనిపించింది.

తెలుగువాళ్లం మనకు బాగా గుర్తుండే ఉదాహరణ ఒకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఆ అక్షరం మధ్యలో చేరి మెసేజ్‌లో వస్తే, దాన్ని తెరమీద చూపించబోయి యాప్‌లు మూతపడేవి. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీలో, అంతమంది నిపుణులు పరీక్షించాక కూడా ఒక అక్షరం దగ్గర తేడా వచ్చింది. అలాంటప్పుడు మీ ల్యాప్‌టాప్‌లో ఒక లైబ్రరీ మొరాయిస్తే, అది మీ కెరీర్ మీద తీర్పు ఎలా అవుతుంది?

ఉద్యోగంలో చేరాక ఇవి తగ్గుతాయని మాత్రం అనుకోకండి. రూపం మారుతుంది. నిన్నటిదాకా నడిచిన బిల్డ్ (కోడ్‌ను వాడకానికి సిద్ధం చేసే ప్రక్రియ) పొద్దున్నే ఫెయిల్ అవుతుంది. ఒకరి సిస్టంలో బాగా నడిచే కోడ్ సర్వర్ మీద నడవదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల చిన్న ప్యాకేజీని దాని రచయిత, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు ఉంచే ఎన్‌పీఎం నుంచి తీసేశారు. నేరుగానో పరోక్షంగానో దాని మీద ఆధారపడిన ఎన్నో జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. ఆ రోజు ఆ ఎర్రర్ చూసినవాళ్లలో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉండే ఉంటారు. మీకూ వాళ్లకూ తేడా ఒక్కటే. ఎర్రర్ రాగానే మీరు ‘నాకు రాదు’ అనుకుంటున్నారు, వాళ్లు ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది’ అని అడుగుతారు. ఆ అడగడం అలవాటు చేసుకోవచ్చు.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టండి, కాగితమైనా సరే, ఫైలైనా సరే. ఎర్రర్ వచ్చినప్పుడు మెసేజ్‌ను పూర్తిగా, ఉన్నదున్నట్టు రాసుకోండి. దాని కింద కారణం ఏమై ఉంటుందో మీ ఊహ రాయండి. ఆ ఊహ తప్పో ఒప్పో తేల్చే చిన్న పరీక్ష ఒకటి రాసి, అప్పుడు చేసి చూడండి. ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు కమాండ్లు వరసగా అతికించేస్తే ఎర్రర్ పోయినా ఎందుకు పోయిందో తెలియదు, వచ్చే వారం మళ్లీ వస్తుంది. గంటసేపు ప్రయత్నించినా ముందుకు కదలకపోతే ఎవరినైనా అడగండి. అడిగేటప్పుడు ‘పనిచేయడం లేదు’ అని ఊరుకోకుండా ఏం చేశారో, ఏం జరుగుతుందనుకున్నారో, ఏం జరిగిందో చెప్పండి. ఈ పద్ధతిలో అడిగే జూనియర్‌కు సాయం చేయడానికి ఏ టీంలోనైనా మనుషులు ముందుకొస్తారు.

ఈ నోట్‌బుక్ ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది. ‘మీరు ఎదుర్కొన్న కష్టమైన సమస్య ఒకటి చెప్పండి, ఎలా పరిష్కరించారు’ అన్నది ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. చాలామంది ప్రాజెక్టు పేరు చెప్పి ఆగిపోతారు. మీ దగ్గర మీరు నిజంగా పట్టుకున్న తప్పు, దానికి వేసిన ఊహలు, వాటిలో తేలిపోయినవి, చివరికి దొరికిన కారణం, అన్నీ వివరాలతో ఉంటాయి.

ఇక మీ సీనియర్ల వాదనల సంగతి. వాటన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

ట్యాబ్ వాడాలా, స్పేస్ వాడాలా, ఏ ఎడిటర్ మంచిది అన్నవి ఎక్కువగా అలవాటుకు సంబంధించినవి. పైథాన్‌కు సొంత శైలి మార్గదర్శకం ఉంది, అది నాలుగు స్పేస్‌లు వాడమంటుంది. గో భాషలో జీఓఎఫ్‌ఎంటీ అనే టూల్ కోడ్‌ను తనే సర్దేస్తుంది, ట్యాబ్‌లు పెడుతుంది. ఆ భాష వాడేవాళ్లకు వాదించుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. మీరు చేరబోయే టీం ఏది వాడితే అదే వాడండి. ఇలాంటి విషయం మీద ఒక సాయంత్రం కూడా ఖర్చు పెట్టకండి.

అయితే చిన్న నిర్ణయాలకూ ఒక్కోసారి చాలా ఆయుష్షు ఉంటుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ప్రోగ్రాములను బిల్డ్ చేసే మేక్ అనే టూల్ రాశారు. దానికి సూచనలు రాసే మేక్‌ఫైల్‌లో కమాండ్ ఉన్న వరుస ట్యాబ్‌తో మొదలవ్వాలని పెట్టారు. అది ఇబ్బందని తొందరలోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది స్నేహితులు వాడుతున్నారు, వాళ్లకు ఇబ్బంది కలిగించడం ఇష్టంలేక అలాగే వదిలేశానని తర్వాత ఆయనే చెప్పారు. ఇప్పటికీ మేక్‌ఫైల్‌లో ట్యాబ్ బదులు స్పేస్‌లు పెడితే ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోతుంది. చూడటానికి రెండు వరుసలూ ఒకేలా ఉంటాయి. ఎడిటర్‌లో కనిపించని గుర్తులను చూపించే సెట్టింగ్ ఆన్ చేసుకుంటే తప్ప తేడా దొరకదు. ఈ సెట్టింగ్ ఇవాళే ఆన్ చేసి పెట్టుకోండి.

రెండో రకం వాదనలు వినదగ్గవి. 1992లో ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ లైనక్స్ నిర్మాణం కాలం చెల్లినదని విమర్శించారు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ లాంటి భాగం) అంతా ఒకే పెద్ద ముద్దగా ఉండకూడదని, దాన్ని చిన్నగా ఉంచి మిగతా పనులు విడిగా నడిపే మైక్రోకెర్నల్ పద్ధతే సరైనదని ఆయన వాదన. లైనక్స్‌ను మొదలుపెట్టిన, అప్పటికి విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా బదులిచ్చారు. తర్వాత ఏమైంది? లైనక్స్ కెర్నల్ ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలోకీ చేరింది. టానెన్‌బామ్ రాసిన మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం కూడా ఇంటెల్ చిప్‌ల లోపల, యంత్రాన్ని నిర్వహించే భాగంలో నడుస్తోందని 2017లో బయటపడింది. ఏ పనికి ఏది తగినదన్నదాన్ని బట్టి రెండూ నిలిచాయి. ఆ చర్చ చదివితే ఎవరు గెలిచారన్నది వదిలేసి, ఎవరు ఏ కారణం చూపించారో గమనించండి. మీ సీనియర్లు ‘ఇది వాడు’ అన్నప్పుడు కూడా ‘ఏ పని కోసం, ఎందుకు’ అని అడగండి. కారణం చెప్పినవారి మాట నోట్‌బుక్‌లో రాసుకోండి. కారణం చెప్పలేనివారికి నమస్కారం పెట్టి మీ పని చూసుకోండి.

మీ పరిస్థితికి నా సలహా సూటిగా ఇది. పైథాన్ వదలకండి. మూడో సంవత్సరంలో భాష మారిస్తే మళ్లీ మొదటికొస్తారు. లైనక్స్ కమాండ్ లైన్ తప్పకుండా నేర్చుకోండి, సర్వర్లలో ఎక్కువ భాగం దాని మీదే నడుస్తాయి. దానికోసం మీ ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేయనక్కర్లేదు, విండోస్‌లోనే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే గిట్ రోజూ వాడండి. ఎడిటర్ మీ ఇష్టం.

ఏఐ విషయంలో భయమూ వద్దు, బద్ధకమూ వద్దు. ఎర్రర్‌ను దానికి ఇచ్చే ముందు మీ ఊహ రాసుకోండి. అది ఏదైనా ప్యాకేజీ పేరు చెబితే, ఆ ప్యాకేజీ నిజంగా ఉందో లేదో, ఎవరు నిర్వహిస్తున్నారో చూడకుండా ఇన్‌స్టాల్ చేయకండి. లేని ప్యాకేజీల పేర్లు కూడా అది నమ్మకంగా చెబుతుంది, అలాంటి పేర్లతో హానికరమైన కోడ్ పెట్టేవాళ్లూ ఉంటారు. రాసిన కోడ్ తప్పో ఒప్పో చెప్పగలిగే మనిషి అవసరం దీనివల్ల పెరుగుతుందనే నేను నమ్ముతున్నాను. అది చెప్పగలగాలంటే మీరు ఇప్పుడు పడుతున్న తిప్పలు పడాల్సిందే.

మీరు గమనించారో లేదో, ఇలాంటి చికాకుల్లోంచే కొన్ని ఉద్యోగాలు పుట్టాయి. ఒకరి దగ్గర నడిచింది ఇంకొకరి దగ్గర నడవకపోవడం అనే బాధను తగ్గించే డాకర్ 2013లో వచ్చింది. అంతకుముందు 2005లో, లైనక్స్ బృందం వాడుతున్న టూల్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోతే, టోర్వాల్డ్స్ గిట్ రాశారు. ఇవాళ డెవ్‌ఆప్స్ (కోడ్‌ను సర్వర్లకు చేర్చి నడపడం), సైట్ రిలయబిలిటీ (సైట్లు ఆగకుండా చూడటం), టెస్టింగ్, డెవలపర్ టూల్స్, టెక్నికల్ రైటింగ్ అనే విభాగాలన్నీ ఏదో ఒక స్థాయిలో ఇతరుల చికాకు తగ్గించే పనులే. కొత్త అల్గారిథమ్ రాయడం కంటే, చిక్కుపడ్డదాన్ని విప్పడం మీకు నచ్చుతుందేమో. అలాగైతే మీ దారి ఇటువైపు ఉండవచ్చు.

మేనేజ్‌మెంట్ మాటకొస్తే, మనుషులతో పని, లెక్కలు, నిర్ణయాలు మీకు నిజంగా ఇష్టమైతే తప్పకుండా వెళ్లండి. ఇక్కడి నుంచి పారిపోవడానికి మాత్రం వెళ్లకండి. ఈ సెమిస్టర్ పూర్తయ్యేదాకా నోట్‌బుక్ రాసి, తర్వాత ఒకసారి మొదటి నుంచి చదవండి. ఎర్రర్ పోయాక ‘అసలు ఎందుకొచ్చింది’ అని ఎన్నిసార్లు తెలుసుకోవాలనిపించిందో చూడండి. కొన్నిసార్లైనా అనిపిస్తే ఈ రంగంలో ఉండండి. మీరే ఎంచుకున్న ప్రాజెక్టులో కూడా ఒక్కసారీ అనిపించకపోతే అప్పుడు మారడం గురించి మాట్లాడుకుందాం, అందులో చిన్నతనమేమీ లేదు.

అమ్మానాన్నలతో మాత్రం సెమిస్టర్ చివరిదాకా ఆగకండి, ఈ వారమే మాట్లాడండి. మారిపోతున్నానని చెప్పాల్సిన పని లేదు. చదువు కష్టంగా ఉందని, ఒక పద్ధతి ప్రకారం ప్రయత్నిస్తున్నానని, సెమిస్టర్ తర్వాత కలిసి నిర్ణయం తీసుకుందామని చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం లాంటివి ఉంటే అవి కూడా దాచకుండా చెప్పండి, కాలేజీలో కౌన్సెలర్ ఉంటే కలవండి. ఈలోగా ప్రాజెక్టు గైడ్‌ను కలిసి, ఆ రెండు రోజులు ఎందుకు పోయాయో, కారణం ఏమని తేలిందో వివరించి, గడువులో అవసరమైన మార్పు అడగండి.