పాత కలెక్షన్ జోలికి వెళ్లకు, చిట్టీ

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, శనివారం రాత్రంతా ఆఫీసులోనే ఉంటుందట, సోలార్ ఏదో మారుస్తారట, ఆ చీకట్లో డాబా ఎక్కాలా ఏమిటి?" అని ఒకటే కంగారు. ప్యానెళ్లు కాదే తల్లీ, సోలర్ అంటే వెతికిపెట్టే సర్వర్ అని దానికి నచ్చజెప్పేసరికి పావుగంట పట్టింది. అది పడుకునే ఉంటుంది, నాకే నిద్ర పట్టలేదు. దానిది డాబా భయం. నా భయం వేరు.

సంతోషం లేదని కాదు. పుస్తకాల క్యాటలాగు మొత్తానికి తెలుగు అనలైజర్, అంటే మాటల్ని వెతకడానికి వీలుగా మలిచేది, పెడుతున్నావట కదా. 'కథ' అని కొడితే 'కథలు' కూడా రావాలంటే పదం చివర లు, ము, లో లాంటి తోకలు కత్తిరించాలి. మా రోజుల్లో లూసీన్‌లో, అదే సోలర్ లోపల నడిచే సెర్చ్ లైబ్రరీలో, తెలుగుకి ఆ ఏర్పాటే లేదు. ఎవరైనా తెలుగులో వెతికితే ఉన్నదున్నట్టు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. మన ఇంటి పిల్ల ఆ పని చేస్తోందంటే ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి, పొద్దున పాలవాడికి చెప్పాను.

అనలైజర్ మార్చినంత మాత్రాన పాత డాక్యుమెంట్లు వాటంతట అవి మారవు, అన్నీ మళ్లీ ఇండెక్స్ చేయాలి, అంటే వెతకడానికి వీలుగా మళ్లీ ఎక్కించాలి. కొత్త కలెక్షన్, అంటే పుస్తకాల వివరాలన్నీ ఉండే కొత్త ఇండెక్స్, కట్టి, నిండాక ఎలియాస్‌ని, అంటే యాప్ వాడే మారుపేరుని, దాని మీదకు తిప్పుతానన్నావట. దారి సరైనదే.

చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. కలెక్షన్ పేరు చివర తేదీ పెట్టు, యాప్‌కి మాత్రం ఎలియాస్ పేరు తప్ప ఇంకేదీ తెలియకూడదు. షార్డులు, అంటే కలెక్షన్‌ని పంచే ముక్కలు, ఎన్ని కావాలో కట్టేముందే ఆలోచించుకో, తర్వాత ఒక్కోదాన్ని చీల్చుకుంటూ పోవడమే ఉంటుంది. సోలర్ సర్వర్లని ఒక తాటి మీద ఉంచే జూకీపర్ మెషీన్లు 3 ఉంటే చాలు, 4 పెట్టినా ఒకటి పడిపోయేదాకానే తట్టుకుంటుంది, 3 ఉన్నా అంతే. కలెక్షన్ కట్టేటప్పుడు కాన్ఫిగ్ పేరు, అంటే ఏ ఫీల్డు ఏ రకమో చెప్పే సెట్టింగుల పేరు, ఇవ్వడం మరిచిపోకు. మరిచిపోతే సోలర్ తన డిఫాల్ట్ కాన్ఫిగ్ తీసుకుని, మొదట వచ్చిన విలువను చూసి ఫీల్డు రకం ఊహించేస్తుంది. మొదటి పుస్తకం ఐఎస్‌బీఎన్ అంతా అంకెలే అయితే అదొక సంఖ్య అనుకుంటుంది. ఆ తర్వాత చివర ఎక్స్ ఉన్న పాత ఐఎస్‌బీఎన్ వచ్చిందంటే ఆ పుస్తకాన్ని గుమ్మంలోంచే పంపేస్తుంది.

ఇక అసలు సంగతి. నీ ఓణీల ఫంక్షన్‌కి నేను రాలేదని రెండు నెలలు నాతో మాట్లాడలేదు, గుర్తుందా? ఆఫీసులో పని పడిందని అప్పుడు మీ అమ్మకి చెప్పాను. ఆ పని ఏమిటో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అది 2014. మాదాపూర్‌లో ఒక షాపింగ్ సైట్‌కి సెర్చ్ చూసేదాన్ని. సోలర్ 4 నడుస్తోంది, మా అందరికీ కొత్తే. నువ్వు ఇప్పుడు చేయబోయేదే నేనూ చేశాను. గురువారం రాత్రి ఎనిమిదింటికి డేటాబేస్ నుంచి కొత్త కలెక్షన్‌లోకి ఇండెక్సింగ్ మొదలుపెట్టాను, రెండింటికి అయిపోయింది. ఎలియాస్ తిప్పాను. సైట్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. అయిదారు మాటలు వెతికి చూస్తే అన్నీ వచ్చాయి. పొద్దున్నే గుడివాడ బస్సెక్కాలి, నీ పట్టు ఓణీ అప్పటికే బ్యాగులో ఉంది. వెళ్లబోతూ చూస్తే డిస్కు 91 శాతం నిండి ఎర్రగా మెరుస్తోంది. పాతదానితో ఇంక పనేముంది అనుకుని డిలీట్ కొట్టాను. డిస్కు సగానికి దిగింది. ఇల్లు తుడిచినంత హాయిగా అనిపించింది, చూడు, ఇప్పటికీ ఆ హాయి గుర్తుంది నాకు.

ఏడున్నరకి ఫోన్ వచ్చింది. స్టాకు లేని సరుకులన్నీ ఉన్నట్టు కనిపిస్తున్నాయి, జనం ఆర్డర్లు పెట్టేస్తున్నారు. ఎందుకంటే, అమ్మకందార్లు పంపే స్టాకు ఫైళ్లని డేటాబేస్‌కి పంపకుండా నేరుగా సెర్చ్‌లోకే రాసే స్క్రిప్టు ఒకటి ఉండేది. ఎవరు ఎప్పుడు రాశారో తెలియదు, మేమెవరం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ వివరాలు ఉన్నది పాత కలెక్షన్‌లో ఒక్కచోటే. అది ఉండుంటే ఎలియాస్‌ని మళ్లీ వెనక్కి తిప్పేదాన్ని, ఒక్క నిమిషం పని. బ్యాకప్ ఉందా అంటే అదీ లేదు. అమ్మకందార్లకి ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఫైళ్లు మళ్లీ పంపమని బతిమాలుతూ శుక్ర, శనివారాలు గడిపాను. నీ ఫంక్షన్ ఫోటోల్లో నేను లేనిది అందుకు. ఓణీ కొరియర్‌లో వచ్చింది.

ఇప్పటి సోలర్ ఎలియాస్‌లో ఉన్న కలెక్షన్‌ని డిలీట్ చేయనివ్వదు కదా పెద్దమ్మా అంటావేమో. చేయనివ్వదు, నిజమే. కానీ ఎలియాస్ అప్పటికే కొత్తదాని మీదకు పోయిందే! ఆ రాత్రి నేను చెరిపినదాన్ని ఇప్పటి వెర్షన్ కూడా కిక్కురుమనకుండా చెరిపేస్తుంది.

మీ అమ్మమ్మ కొత్తావకాయ ఊరేదాకా పాత జాడీ కడగనిచ్చేది కాదు. నేను చదువుకున్నదాన్నని ఎగతాళి చేసేదాన్ని.

అందుకని శనివారం కంటే ముందే డిస్కు చూసుకో. పాతదీ కొత్తదీ వారం రోజులు పక్కపక్కనే ఉండాలి, ఇండెక్స్ ముక్కలు, అదే సెగ్మెంట్లు, కలిసేటప్పుడు ఇంకా చోటు కావాలి. చోటు లేకపోతే శనివారం మానెయ్, కొంపలేం మునగవు. ఎవరెవరు ఆ ఎలియాస్‌లోకి రాస్తున్నారో కాగితం మీద రాసుకో, అందరినీ అడుగు, విసుక్కుంటే విసుక్కోనీ. ఇండెక్సింగ్ జరిగే ఆరేడు గంటల్లో వచ్చే మార్పులు ఎటు పోతాయో ముందే తేల్చుకో. పాతదీ కొత్తదీ ఒకే ఎలియాస్‌లో పెడితే రెండింట్లోకీ రాస్తుందిలే అనుకోకు. వెతకడం రెండింట్లోనూ జరుగుతుంది, రాయడం మాత్రం జాబితాలో మొదటిదానికే. చదవడానికి ఒక ఎలియాస్, రాయడానికి ఒకటి వేరుగా పెట్టుకుంటే కొంత సుఖం.

తిప్పేముందు కమిట్ చేసి, అంటే రాసినవన్నీ వెతుకులాటలో కనిపించేలా ఖాయం చేసి, రెండింట్లోని డాక్యుమెంట్ల లెక్కా సరిపోల్చు. ఎలియాస్ పేరు అక్షరం అక్షరం చూసి కొట్టు. ఉన్న పేరైతే అడక్కుండా మార్చేస్తుంది, ఒక్క అక్షరం తప్పితే కొత్త ఎలియాస్ ఒకటి పుట్టించి అంతా బాగుందంటుంది, యాప్ మాత్రం పాతదాన్నే చదువుతూ ఉంటుంది. తిప్పాక ఎలియాస్‌ల జాబితా తెప్పించి కళ్లారా చూడు. మొదటి వెతుకులాటలు నెమ్మదిగా ఉంటాయి, పాత జవాబులు దాచుకునే క్యాష్ ఖాళీ కదా, దానికి టెన్షన్ పడకు.

తిట్టినట్టున్నానా? తిట్టాలనే కూర్చున్నాను. రాస్తుంటే ఆ మాదాపూర్ ఆఫీసులో ఆ శుక్రవారం పొద్దున ఒక్కదాన్నే కూర్చున్న కుర్చీ కళ్లముందుకొచ్చింది. అందులో నువ్వు కూర్చోకూడదు, అంతే. ఆ రాత్రి ఏమైనా తిను, కాఫీతో సరిపెట్టకు. నీతో ఇంకొకరు ఉండేలా చూసుకో. రెండింటప్పుడైనా సరే ఫోన్ చెయ్, నేను ఎలాగూ మెలకువగానే ఉంటాను.

పాత కలెక్షన్ పేరు నాకు వాట్సాప్‌లో పంపు. వారం దాకా రోజూ పొద్దున అది ఉందా అని అడుగుతాను, విసుక్కోకు.

పెద్దమ్మ