కీర్తనలకు స్వరలిపి టైపు చేశాను, నాకు హక్కు లేదా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. మా తెలుగు క్రైస్తవ సంఘం క్వయర్‌లో (గాయక బృందంలో) ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడతాను. పాత టానిక్ సోల్ఫా (స్వరాలను d, r, m వంటి అక్షరాలతో రాసే పద్ధతి) కాగితాలు చూసి, మూడేళ్లు రాత్రిళ్లు కూర్చుని, 112 కీర్తనలను మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లో నాలుగు పార్టుల (నాలుగు గొంతుల) స్టాఫ్ నొటేషన్‌గా, అంటే అయిదు గీతల స్వరలిపిగా, మార్చాను. తొమ్మిదింటికి రాగం మాత్రమే ఉంటే మిగతా మూడు పార్టులూ నేనే కట్టాను. ఇప్పుడు సంఘం నా పేరు లేకుండా పుస్తకం వేసి 300 రూపాయలకు అమ్ముతోంది. అడిగితే, ‘అది ఉచిత సాఫ్ట్‌వేర్, చేసింది దేవుని సేవ, ఇందులో నీకు హక్కేమిటమ్మా?’ అన్నారు.

జవాబు: రుచించని మాట ముందే చెప్పేస్తాను. మిగిలిన 103 కీర్తనల మీద మీకు కాపీరైట్ ఉందని కోర్టును ఒప్పించడం కష్టం. ‘క్రీస్తు’లో ‘స్తు’ ఏ స్వరం కింద పడాలో తేల్చడానికే ఒక్కోసారి అరగంట పడుతుంది. ఆ శ్రమ తక్కువదని నేననను. కానీ శ్రమ ఒక్కటే చాలదని, కాస్తయినా సృజన ఉండాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. బ్రిటన్‌లో అచ్చు అమరికకే ప్రచురణకర్తకు 25 ఏళ్ల హక్కు ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలో అది లేదు. మీ ప్రతిలోని తప్పు స్వరం వాళ్ల పుస్తకంలోనూ కనిపిస్తే నకలు చేశారని రుజువవుతుంది, అంతే. హక్కే లేని చోట ఆ రుజువుతో ఏం చేస్తాం?

ఆ తొమ్మిది కీర్తనల సంగతి వేరు. పార్టులు కట్టడం మీ సొంత రచన. మీరు జీతానికి పనిచేయలేదు కాబట్టి అది సంఘానిది కాదు. హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. క్వయర్ పాడుకోవడానికి ఇచ్చారన్నది ఎవరూ కాదనరు. అమ్ముకోవడానికి ఇచ్చినట్టు దానికి అర్థం రాదు. రచయితగా మీ పేరు అడిగే హక్కును 57వ సెక్షన్ విడిగా ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి అందులో రాసిందీ ఉచితమనే వాదన నవ్వు తెప్పిస్తుంది. మ్యూజ్‌స్కోర్ లైసెన్సు ఆ ప్రోగ్రాముకే గాని మీ స్కోరుకు కాదు.

నన్ను కలవరపెడుతున్నది మీరు అడగని విషయం. ప్రతి కీర్తనలో మాటలు, రాగం, హార్మనీ (రాగానికి తోడుగా కట్టిన మిగతా పార్టులు) మూడు వేర్వేరు ఆస్తులు. రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1890లో కన్నుమూశారు, కనుక ఆయన మాటలు ఎవరైనా వేసుకోవచ్చు. అదే కీర్తనకు హార్మనీ కట్టిన క్వయర్ మాస్టరు 1972లో పోయారనుకోండి, ఆ హార్మనీ 2032 చివరిదాకా ఆయన వారసులదే. సోల్ఫాను స్టాఫ్‌లోకి మార్చడం కూడా చట్టం చెప్పే ‘అడాప్టేషన్’ (ఒక రచనను మరో రూపంలోకి మార్చడం) కిందికే రావచ్చు. అంటే అనుమతి అడగాల్సిన వాళ్లలో మీరూ ఉండవచ్చు. మీ తొమ్మిదింటి రాగాలకూ ఇదే లెక్క. నిజమైన ఆరాధనలో పాడటాన్ని 52వ సెక్షన్ మినహాయించింది. పుస్తకం అచ్చువేసి అమ్మడానికి ఆ మినహాయింపు లేదు. ‘ఎప్పటినుంచో పాడుతున్నాం’ అని పెద్దలు చెప్పే మాట కోర్టులో నిలవదు.

అందుకే లాయర్ నోటీసు ఇప్పుడే వద్దు. మీ నోటీసు చూసి ఎక్కడో ఉన్న వారసులు మీ ఇద్దరి మీదా దావా వేయవచ్చు. ఆ తొమ్మిది కీర్తనల జాబితాతో కమిటీకి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. తర్వాతి ముద్రణలో వాటి కింద మీ పేరు వేయాలని, అమ్మకం మీద ఒప్పందం కాగితం మీద పెట్టాలని అడగండి. పాత తేదీలున్న ఫైళ్లను చెరపకండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది.

ఉత్తరం పంపేలోపు ఆ సోల్ఫా కాగితాలను ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. అలాంటి ప్రతుల అడుగున, కుడి మూలన, పెన్సిలుతో పొడి అక్షరాలూ ఒక సంవత్సరమూ ఉండటం నేను చూశాను. ఉంటే వాటి ఫోటో తీసుకుని నా దగ్గరికి రండి.