ఫైబర్ ఫోను పెట్టించే ముందు ఇంట్లో సిమ్ములు లెక్కపెట్టు

చి. సౌ. అమ్మలుకి,

పర్లాకిమిడి నుంచి మావయ్య దీవెనలు. అక్కడ అందరూ కులాసా అని తలుస్తాను.

నెల తిరిగేసరికి ఫోన్లకే బోలెడు డబ్బు పోతోందని, పాత లాండ్‌లైన్ తీయించేసి ఇంటర్నెట్ ఫోను, అంటే ఫైబర్ వైరు మీద వచ్చే ఫోను, పెట్టించుకుందామా అని అడిగావు. పెట్టించుకో. అయితే పెట్టించినంత మాత్రాన ఖర్చు తగ్గదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పని చేసి రిటైరైనవాణ్ణి కదా, ఈ ఊళ్లో చాలామంది ఈ సంగతే అడగడానికి నా దగ్గరికి వస్తుంటారు. ఫైబర్ వేయించుకుంటారు, పాత రీచార్జీలేమో అలాగే సాగుతుంటాయి. బిల్లు తగ్గుతుందన్నారు, పెరిగిందేమిటని మళ్లీ వస్తారు.

అందుకే ముందు లెక్క చూడు. 2024 జూలైలో రేట్లు పెంచాక, రోజుకి జీబీన్నర డేటా ఇచ్చే 84 రోజుల ప్యాక్ జియోలో 799 రూపాయలైంది, ఎయిర్‌టెల్‌లో 859. డేటా అక్కర్లేని వాళ్ల కోసం కాల్స్, మెసేజీలకే వేరే ప్యాకులు పెట్టాలని ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ గట్టిగా చెప్పాక 2025 మొదట్లో అవీ వచ్చాయి. 84 రోజులకి జియోలో 448, ఎయిర్‌టెల్‌లో 469. జియో లెక్కే తీసుకుంటే ఒక మనిషి డేటా మానుకుంటే 28 రోజులకి మిగిలేది 117 రూపాయలు. జియోఫైబర్‌లో అన్నిటికంటే చిన్న ప్లాను 399, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 471. అంటే నలుగురు డేటా మానుకుంటే ఫైబర్ బిల్లుకి సరికి సరి. ఐదో మనిషి నుంచే నీకు మిగులు. ఈ రేట్లు మారుతూనే ఉంటాయి కాబట్టి కట్టేరోజున మరోసారి చూసుకో, కానీ లెక్క వేసే పద్ధతి ఇదే.

మీ ఇంట్లో ఆరు ఫోన్లున్నాయి. మీ అత్తగారూ మావగారూ గడప దాటేది గుడికో సంతకో. పిల్లలిద్దరూ బడి నుంచి వచ్చాకే ఫోను పట్టుకుంటారు. ఈ నలుగురికీ బయట డేటా ఎందుకు? ఇంట్లో వైఫై ఉంటే చాలు. నువ్వు కూడా రోజులో ఎక్కువసేపు ఇంట్లోనే ఉంటావు కాబట్టి ఐదో మనిషివి నువ్వే. రాయగడ దాకా పని మీద తిరిగేది మీ ఆయనే, ఆయన ప్యాక్ మాత్రం ముట్టుకోకు.

అసలు డబ్బు పోయేది రెండో సిమ్ముల దగ్గర. మన సరిహద్దు ఊళ్లలో ఎవరి ఫోను విప్పినా ఒక ఒడిశా సిమ్, ఒక ఆంధ్రా సిమ్ కనిపిస్తాయి. అప్పట్లో దానికి కారణం ఉండేది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అయినా అక్కడికి ఫోన్ చేయాలంటే ఎస్టీడీ కోడ్ కొట్టాలి. చేతిలో సెల్లు పట్టుకుని అవతలికి వెళ్తే రోమింగ్ పడేది. చుట్టాలంతా అవతలే కాబట్టి అక్కడి సిమ్ కూడా ఒకటి అట్టేపెట్టుకునేవాళ్లు. 2016లో జియో వచ్చింది, ఆ తర్వాత రోమింగ్ చార్జీలు పోయాయి. ఇప్పుడు గుణుపురం నుంచి టెక్కలికి చేసినా, ఢిల్లీకి చేసినా ఒకటే. అయినా ఆ రెండో సిమ్‌కి రీచార్జి చేయిస్తూనే ఉన్నారు. ఒక్క సిమ్ తీసేసినా, ఒట్టి కాల్స్ ప్యాకే అనుకున్నా, 28 రోజులకి దాదాపు 150 మిగులుతుంది. ఫైబర్ ఉన్నా లేకపోయినా ఈ పని చేయాల్సిందే.

అయితే తొందరపడి పారేయకు తల్లీ. ఆ ఆంధ్రా నంబరు మీ మావగారి బ్యాంకు పాసుబుక్కుకి ఎక్కి ఉందేమో, ఆధార్‌కి ఇచ్చారేమో, గ్యాస్ బుకింగ్ దాని మీదే ఉందేమో ఒక్కొక్కటీ అడిగి చూడు. వదిలేసిన నంబరుని కొన్నాళ్లకి కంపెనీవాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు మీ ఓటీపీలు ఎవరికో వెళ్తాయి. బ్యాంకులో నంబరు మార్పించి, కొత్త నంబరుకి మెసేజ్ వచ్చిందని కళ్లారా చూశాకే పాతదానికి రీచార్జి ఆపు.

ఇక లాండ్‌లైన్ సంగతి. ఫైబర్‌లో కూడా లాండ్‌లైన్ వస్తుంది. గోడకి బిగించే చిన్న తెల్లపెట్టె వెనక ఫోను వైరు పెట్టే బొక్క ఒకటి ఉంటుంది. మీ హాల్లో ఉన్న ఫోనే దానికి తగిలిస్తే సరిపోతుంది, కొత్తది కొనక్కర్లేదు. దేశంలో ఏ నంబరుకి చేసినా విడిగా కాల్ చార్జీ పడని ప్లాన్లే ఎక్కువ. 2021 జనవరి 15 నుంచి లాండ్‌లైన్ నుంచి సెల్లుకి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి. మీ అత్తగారికి ఇది చెప్పి, ఫోను పక్కన కాగితం మీద పెద్దక్షరాలతో రాసి అంటించు.

నా భయమంతా కరెంటు గురించే. పాత రాగి తీగలో మాటతో పాటు కరెంటు కూడా వచ్చేది. ఎక్స్‌ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీలు వరసగా ఉండేవి. మీ ఇంట్లో దీపం లేకపోయినా ఫోను మోగేది అందుకే. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు ఒక్కటే. ఇంట్లో కరెంటు పోతే ఆ పెట్టె ఆరిపోతుంది, దానితో పాటు వైఫై, ఫోను రెండూ పోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లా ఎలా చీకటైపోయిందో నీకు గుర్తుండే ఉంటుంది. మామూలు గాలివానకే మన ఊళ్లలో గంటలు గంటలు కరెంటు ఉండదు. మావగారికి గుండె జబ్బు ఉన్న ఇల్లు అది. కాబట్టి పెట్టెతో పాటు మినీ యూపీఎస్ (కరెంటు పోయినా పెట్టెని నడిపే చిన్న బ్యాటరీ) ఒకటి తప్పకుండా కొను. పెట్టె అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసుకుని అదే వోల్టులది తీసుకో, సాధారణంగా 12 ఉంటుంది. కొన్ని గంటలు నడుస్తుంది. ఆ పైన ఒక్క సెల్లు, మామూలు బటన్ ఫోనైనా సరే, కాల్స్ ప్యాక్ వేయించి పూర్తి చార్జింగుతో ఆయన మంచం దగ్గర ఉంచు. వాట్సాప్‌లో 108 కలవదు. ఈ రెండింటి దగ్గర మాత్రం పొదుపు చూడకు.

మీది పాత అగ్రహారం ఇల్లు, గోడలు మందం. లోపలి గదిలో సిగ్నల్ అందక వీధి అరుగు మీదికి వచ్చి మాట్లాడతారు కదా. వైఫై వచ్చాక ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యి. ఎయిర్‌టెల్‌లో 2019 డిసెంబరు నుంచి, జియోలో 2020 జనవరి నుంచి ఉంది. మామూలు నంబరుకి మామూలుగానే చేస్తావు, కాల్ మాత్రం వైఫై మీదుగా వెళ్తుంది. అవతలివాళ్లకి ఏ యాప్ అక్కర్లేదు, విడిగా డబ్బు పడదు. కాకపోతే మీ ఫోను మోడల్‌కి అది ఉండాలి, సిమ్‌లో ప్యాక్ నడుస్తుండాలి. దుబాయ్‌లో ఉన్న మీ మరిదితో మాత్రం వాట్సాప్ కాల్ కుదరదు, అక్కడ ఆపేశారు. అక్కడివాళ్లు వాడే బోటిమ్ అనే యాప్ వేసుకోండి, ఐఎస్‌డీ ఖర్చు తప్పుతుంది.

ఏ కంపెనీ అని అడిగావు. పేరు చూసి తీసుకోకు. మీ వీధిలో ఎవరి ఫైబర్ వానాకాలంలో తక్కువసార్లు పోయిందో, పోతే ఎవరు వచ్చి బాగుచేశారో ఇరుగుపొరుగుని అడుగు. సినిమాలన్నీ వస్తాయని పెద్ద ప్లాను అంటగట్టబోతారు. ఒక కాల్‌కి కావలసింది సెకనుకి వంద కిలోబిట్లు, కాబట్టి 30 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 30 వేల కిలోబిట్ల వేగం, మీ ఇంటికి ధారాళంగా సరిపోతుంది. పెట్టె డిపాజిట్ ఎంత, మానేస్తే తిరిగిస్తారా అన్నది రసీదు మీద రాయించుకో. వైరు లాగేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. మేకుకి చుట్టి, తలుపు మూల దగ్గర మడత పెట్టి బిగించేస్తారు. లోపల ఉండేది గాజుపోగు, మడత పడితే వెలుతురు ఆగిపోతుంది. పెట్టె మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటుంటే వైరులోనే లోపమని అర్థం. పెట్టెని ఆపి ఆన్ చేస్తూ కూర్చోకుండా వెంటనే కంప్లైంట్ ఇవ్వు.

పాత లాండ్‌లైన్‌ని అప్పుడే తీయించకు. వానాకాలంలో ఒక నెల పాతదీ కొత్తదీ రెండూ నడవనీ. ఇప్పుడున్న కంపెనీయే ఫైబర్ ఇస్తే పాత నంబరే ఉంచుతారేమో ముందు అడుగు, వేరే కంపెనీకి లాండ్‌లైన్ నంబరు తీసుకెళ్లడం కుదరదు. టెక్కలిలో ఉన్న మా అక్కకి నోటికొచ్చిన నంబరు మీ ఇంటిదొక్కటే. నంబరు మారేట్టయితే టెక్కలికి ముందే ఫోన్ చేసి, కొత్తది ఆమె చేత రెండు మూడుసార్లు కొట్టించు. తీయించేటప్పుడు బకాయి లేకుండా కట్టి, దరఖాస్తు రాసిచ్చి, దాని మీద ముద్ర వేయించుకున్న కాపీ దాచు. డిపాజిట్ తిరిగి రావడానికి అదే ఆధారం.

సిమ్ములన్నీ ఒక కాగితం మీద రాయి. ఏది ఎవరిది, ఏ ప్యాక్, ఏ బ్యాంకుకి ఎక్కింది అన్నీ ఉండాలి. రాసి ఫోటో తీసి నాకు పంపు. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం. మీ అత్త అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మావయ్య